ట్రంకు పెట్టెలో నీలం సీసా: పాత సెంట్ల మీద సందేహాలు - సమాధానాలు

రెండు నెలల కిందట ఈ శీర్షికలో పాత సెంటు సీసాల గురించి నాలుగు మాటలు రాశాను. అప్పటి నుంచి వస్తున్న ఉత్తరాలు చూస్తుంటే, ఎన్ని ఇళ్ళలో బీరువా అడుగున, పెళ్ళిచీర మడతల మధ్య ఒక చిన్న సీసా దాగి ఉందో తెలుస్తోంది. ఈ నెల శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే.

*

ప్రశ్న: అమ్మా, మా నాయనమ్మ పోయాక ఆమె ట్రంకు పెట్టె తీశాం. కలరా ఉండలు, ఒక వెంకటగిరి చీర, దాని కింద చేతిరుమాలులో చుట్టిన నీలం సీసా. దాని మీద వెండి రంగు చీటీ. 'ఈవినింగ్ ఇన్ పారిస్' అనీ, కింద 'బూర్జ్వా' అనీ ఉంది. అడుగున బొటనవేలి మందాన టీ డికాషన్ రంగులో ఏదో మిగిలింది. తాతయ్య బొంబాయిలో ఉద్యోగం చేసేటప్పుడు తెచ్చారని మా అత్తయ్య అంటోంది. ఇంకా పూసుకోవచ్చా? అమ్మితే బోలెడు డబ్బు వస్తుందని మా తమ్ముడు గొడవ.
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మకండి. ముందు ఈ మాట చెప్పి తరువాత మిగతా సంగతులకు వస్తాను.

ప్యారిస్‌లోని బూర్జ్వా సంస్థ 1928లో 'స్వార్ ద పారీ' అనే పేరుతో ఈ సెంటును తెచ్చింది. ఇంగ్లీషు నడిచే దేశాల్లో అదే 'ఈవినింగ్ ఇన్ పారిస్' అయింది. కూర్చినవాడు ఎర్నెస్ట్ బో. మాస్కోలో పుట్టి, అక్కడే పని నేర్చుకుని, రష్యా విప్లవం తరువాత ఫ్రాన్స్ చేరుకున్నవాడు. 1921లో షనెల్ నంబర్ 5 చేసింది కూడా ఆయనే. ఒకే చేతి నుంచి వచ్చిన ఈ రెండింటిలో షనెల్ సంపన్నుల అలంకరణ బల్లల మీదికి వెళ్ళింది. ఈవినింగ్ ఇన్ పారిస్ వేలెడంత సీసాల్లో కూడా దొరికింది. టైపిస్టులు, నర్సులు జీతం రోజున కొనుక్కోగలిగారు. మన దేశంలో కూడా ఆ తరం ఉద్యోగుల ఇళ్ళలో చాలామందికి సెంటు అంటే ఈ నీలం సీసాయే. 1967లో ఇదే పేరుతో హిందీ సినిమా వచ్చేసరికి ఆ పేరు మన పట్నాలకు పాతదే. 1960ల చివర ఈ సెంటు ఆగిపోయింది. 1990లలో అదే పేరుతో మళ్ళీ వచ్చింది కానీ కూర్పు మారింది. మీ తాతగారి ఉద్యోగకాలాన్ని బట్టి చూస్తే మీ చేతిలో ఉన్నది మొదటిదే అనుకుంటున్నాను.

డికాషన్ రంగు చూసి భయపడకండి. వెనిలా, మల్లె సారం, సాంబ్రాణి వంటి బంకలు ఉన్న సెంటు ఏళ్ళు గడిచేకొద్దీ నల్లబడుతుంది. ఊరగాయలో కారం రంగు ముదిరినట్టే అది. సీసాలో మట్టం తగ్గడానికి కారణం స్పిరిట్ ఆవిరైపోవడం. అందువల్ల మిగిలింది చిక్కగా ఉంటుంది, ఒక్క చుక్క చాలు. ఇంకో మాట. నీలం గాజు అందంగా ఉంటుంది కానీ మందు సీసాల గోధుమరంగు గాజులా వెలుతురును ఆపలేదు. ఇన్నేళ్ళూ ఈ సెంటును కాపాడింది ట్రంకు పెట్టెలోని చీకటి.

ఇక ఎలా వాడాలో చెబుతాను. సీసాను కుదపకండి. మూత చుట్టూ ఉన్న దుమ్మును పొడిగుడ్డతో తుడవండి. దూదిపుల్ల కొసను లోపల తాకించి తెల్లకాగితం ముక్క మీద రాయండి. రాసి అక్కడి నుంచి వెళ్ళిపోండి. బియ్యం కడిగి, కుక్కర్ పెట్టి, అన్నం దించేవరకు ఆ కాగితం వైపు రావద్దు. మొదటి నిమిషాల్లో వచ్చేది నెయిల్ పాలిష్ వాసన, లేదా వాడిన ఆకుకూర కాడల వాసన. నిమ్మజాతి తొక్కల నూనెలు సెంటులో పైపొరగా ఉంటాయి. గాలి తగిలితే ముందు పాడయ్యేది అవే. ఆ కంపు పది పదిహేను నిమిషాల్లో ఎగిరిపోతుంది.

తరువాత మెల్లగా వయొలెట్ వస్తుంది. మన పెరళ్ళలో లేని పువ్వు అది. పాతకాలపు పౌడరు డబ్బా మూత తీయగానే వచ్చే మెత్తటి తీపి వాసన దానికి దగ్గర. సెంట్లలో ఈ వాసన పువ్వు నుంచి రాదు. 1893లో జర్మన్ రసాయనికులు కనిపెట్టిన అయనోన్ అనే పదార్థం నుంచి వస్తుంది. దీనికో విచిత్రం ఉంది. ఒక క్షణం అందుతుంది, మరుక్షణం మాయమవుతుంది, కాసేపటికి మళ్ళీ వస్తుంది. సెంటు ఆగిపోయిందనుకోకండి, అలిసిపోయింది మన ముక్కు. దాని వెనక గులాబీ, మల్లె, చివరికి గంటల తరబడి నిలిచే వెనిలా. అక్కడికి చేరాక కాగితాన్ని మీ అత్తయ్యగారికి ఇచ్చి, ఏమీ చెప్పకుండా వాసన చూడమనండి.

కలరా ఉండల వాసన చీటీకి, పెట్టెకు పట్టి ఉంటుంది, లోపలికి చేరి ఉండకపోవచ్చు. సీసాను రెండు రోజులు నీడలో, గాలి ఆడే చోట ఉంచితే పోతుంది. ఇక డబ్బు విషయం. ఈ సీసాలు ప్రపంచమంతటా లెక్కలేనన్ని అమ్ముడయ్యాయి. చిన్నవి ఇప్పటికీ దొరుకుతూనే ఉంటాయి. మీ తమ్ముడు అనుకున్నంత ధర పలకదు. మీ నాయనమ్మగారి సీసా మాత్రం ఇదొక్కటే.

*

ప్రశ్న: మేడమ్, మా మేనత్త ఇచ్చిన పాత ఫ్రెంచి సెంటు మూత తీయగానే వార్నిష్ వాసన కొట్టింది. పాడైపోయిందని సింకులో పారబోశాను. మీ శీర్షిక చదివాక మనసు బాగోలేదు. నిజంగా పాడైందో లేదో ఎలా తెలుస్తుంది?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీరు పారబోసింది బహుశా బాగున్న సెంటే. దాచి లాభం లేదు కాబట్టి చెప్పేస్తున్నాను. సీసా ఉంటే కడగకండి. గోడలకు అంటుకున్న జిడ్డు కూడా నెలల తరబడి వాసన ఇస్తుంది. మూత తీసి చీరల అరలో, చీటీ పైకి కనిపించేలా పెట్టండి.

నిజంగా పాడైన సెంటుకు గుర్తు ఒక్కటే. అరగంట తరువాత కూడా పులుపో, కాలిన ప్లాస్టిక్కో, పాత నూనె కంపో వదలకుండా ఉంటే అది పోయినట్టే. మొదటి ఐదు నిమిషాలను బట్టి ఏ పాత సెంటుకూ తీర్పు చెప్పకూడదు. ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా చాలదు. గంధం, వట్టివేరు, పచౌలి, సాంబ్రాణి, వెనిలా వంటివి బరువైన వాసనలు. యాభై అరవై ఏళ్ళను సులువుగా దాటతాయి. పోయేది పైన ఉన్న కమలా, నిమ్మ మెరుపు మాత్రమే.

పాడుచేసేవి మూడు: వేడి, వెలుతురు, గాలి. నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు ఎంతో కష్టపడి సంపాదించిన 'మిత్సుకో' అనే ఫ్రెంచి సెంటు సీసాను విశాఖపట్నంలో గది కిటికీ గట్టు మీద పెట్టుకున్నాను. పొద్దుటి ఎండ పడితే బంగారంలా మెరిసేది. ఆ మెరుపు చూసుకోవడానికే అక్కడ పెట్టాను. ఒక్క వేసవి చాలింది. ఆగస్టులో మూత తీస్తే పీచు పండు వాసన ఉండాల్సిన చోట పాత రబ్బరు చెప్పు వాసన వచ్చింది. అరగంట కాదు, రోజంతా ఆగినా తిరిగి రాలేదు. ఆ సీసా ఇప్పటికీ నా బల్ల మీద ఉంది.

ఫ్రాన్స్‌లో వెర్సాయ్ పట్టణంలో ఆస్మోతెక్ అనే సెంట్ల భాండాగారం ఉంది. 1990లో మొదలైంది. లోకంలో తయారీ ఆగిపోయిన సెంట్లను అక్కడ చీకట్లో, 12 డిగ్రీల చల్లదనంలో, సీసాలోని ఖాళీ జాగాను ఆర్గాన్ వాయువుతో నింపి భద్రపరుస్తారు. మన ఇళ్ళలో ఆర్గాన్ ఉండదు కానీ దాని పని కొంత మనమూ చేయవచ్చు. పెద్ద సీసాలో కొంచెమే మిగిలితే, దాన్ని అంచుదాకా నిండే చిన్న గాజుసీసాలోకి మార్చండి. గాలికి చోటుండదు. ఆ చిన్న సీసాను డబ్బాలో పెట్టి, ఇంట్లో పడమటి ఎండ తగలని గదిలో, చెక్క బీరువా కింది అరలో ఉంచండి. రామగుండం, కొత్తగూడెం వైపు ఎండలకు అదీ చాలదనుకుంటే గాలి చొరని స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్ కూరగాయల అరలో దాచుకోవచ్చు. స్నానాల గదిలో మాత్రం ఎప్పుడూ వద్దు.

*

ప్రశ్న: గాజు బిరడా బిగుసుకుపోయింది. ఎంత తిప్పినా రావడం లేదు. కొవ్వొత్తి మీద వేడి చేయమని ఒకరు సలహా ఇచ్చారు.
- నెల్లూరు

జవాబు: కొవ్వొత్తి వద్దు, అగ్గిపుల్ల కూడా వద్దు! లోపల ఉన్నది చాలావరకు స్పిరిట్. ఇల్లు అంటుకుంటుంది.

బిరడాకూ సీసా మెడకూ మధ్య ఎండిన సెంటు జిగురులా పట్టుకుని ఉంటుంది. ఆ సందులో రెండు చుక్కల గ్లిజరిన్ వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన గుడ్డను మెడ చుట్టూ మాత్రమే ఒక నిమిషం చుట్టండి. మెడ కొంచెం వ్యాకోచిస్తుంది, బిరడా చల్లగానే ఉంటుంది. అప్పుడు చెక్క గరిటె కాడతో బిరడాను ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క మెల్లగా తట్టండి. తట్టాక తిప్పి చూడండి. రాకపోతే మర్నాడు మళ్ళీ. నాకు ఒక సీసా పదకొండు రోజులు పట్టింది. పటకారు మాత్రం పట్టకండి, మెడ విరిగితే గాజుముక్కలు లోపల పడతాయి.

బిరడా మీద సన్నటి పొరలాంటిది, దాని చుట్టూ దారం కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. ఫ్రాన్స్‌లో చేత్తో కట్టే ముద్ర అది. అది తెగకుండా ఉందంటే ఆ సీసాను ఎవరూ ఎప్పుడూ తెరవలేదు. తెరిచే ముందు ఫొటో తీసి ఉంచుకోండి.

*

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర '1950ల నాటి అసలు ఫ్రెంచి సెంటు' చూశాను. పెట్టెతో సహా ఉంది, ధర ఎక్కువ. అసలుదని ఎలా నమ్మాలి?
- కూకట్‌పల్లి

జవాబు: సీసా కన్నా ముందు పెట్టె చదవండి. సీసాలు మౌనంగా ఉంటాయి, పెట్టెలు మాట్లాడతాయి.

పెట్టె మీద గీతల బార్‌కోడ్ ఉంటే అది 1950లది కాదు, సందేహమే లేదు. అడుగున లినలూల్, లిమొనిన్, జెరానియోల్ అంటూ చిన్న అక్షరాల్లో పేర్లు వరసగా ఉంటే 2005కు అటూ ఇటూ, లేదా ఆ తరువాతది. యూరప్‌లో ఒంటికి పడని 26 పదార్థాల పేర్లు పెట్టె మీద వేయాలన్న నియమం ఆ సంవత్సరం నుంచి అమలైంది. అమెరికాలో అమ్మిన సరుకైతే చిరునామాలో ఐదంకెల పిన్ నంబరు ఉందేమో చూడండి. ఆ పద్ధతి 1963లో మొదలైంది. ఆయన చెప్పిన కాలానికి ఇందులో ఏ ఒక్కటి కుదరకపోయినా డబ్బు తీయకండి.

పెట్టె పాతదే అయినా లోపలి సెంటు పాతది కావాలని లేదు. ఖాళీ సీసాలు కొని, చౌక సెంటు నింపి అమ్మేవాళ్ళున్నారు. నేనూ ఒకసారి అలా మోసపోయాను. మద్రాసులో ఒక వ్యాపారి నా కళ్ళముందే ముద్ర తెంపి చూపించాడు. ఆ ముద్ర ఆయన స్వయంగా అంటించినదని ఇంటికి వచ్చాక దారానికి ఉన్న కొత్త జిగురు చూస్తే తెలిసింది. డబ్బు కన్నా, ఆ సెంటు కోసం మూడేళ్ళు ఎదురుచూసిన రోజులు గుర్తొచ్చి ఏడ్చాను. ఇంకో సంగతి. దుకాణాల అద్దాల్లో అలంకారానికి పెట్టే పెద్ద సీసాలుంటాయి. వాటిలో రంగునీళ్ళే. సీసా చెంబంత ఉండి ద్రవం లేత పసుపులో మెరుస్తుంటే అది అలాంటిదే కావచ్చు.

కొనేముందు కాగితం మీద ఒక చుక్క అడగండి. కాగితం జేబులో పెట్టుకుని చార్మినార్ దాకా నడిచి రండి. రెండు గంటల తరువాత కూడా వాసన మారకుండా ఒకే తీరున ఉంటే వద్దు. మంచి పాత సెంటు ఆ రెండు గంటల్లో కనీసం మూడుసార్లు మారుతుంది.

*

ప్రశ్న: అక్కా, న్యూజెర్సీలో ఒక పెద్దావిడ ఇంటి సామాను అమ్ముతుంటే పాత 'మిత్సుకో', పాత 'షాలిమార్' రెండూ కొన్నాను. దుకాణంలో కొత్తవి కూడా చూశాను. పేరు అదే, కంపెనీ అదే. వాసన మాత్రం అక్కాచెల్లెళ్ళలా ఉంది కానీ ఒక్కరు కాదు. నా ముక్కు భ్రమా?
- మీ చెల్లెలు, ఎడిసన్

జవాబు: భ్రమ కాదు చెల్లీ, నీ ముక్కు నిజమే చెప్పింది.

ముందు 'మిత్సుకో' సంగతి. 1919లో జాక్ గెర్లాన్ చేశాడు. అంతకు రెండేళ్ళ ముందు ఫ్రాన్స్వా కోటీ 'షీప్ర్' అనే సెంటు తెచ్చాడు. కమలా జాతికి చెందిన బెర్గమాట్ పైన, లాబ్డనం అనే బంక, ఓక్ చెట్ల బెరడు మీద పెరిగే ఒక పాచి అడుగున. వాన వెలిసిన అడవిలా ఉండే ఆ కూర్పు మీద గెర్లాన్ పీచు పండు వాసన పరిచాడు. ఆ వాసన ఇచ్చే పదార్థం పీచు పండు నుంచి తీసింది కాదు, ప్రయోగశాలలో చేసింది. అడుగున ఆ పాచి ఉంది చూడు, దాని ప్రాణమంతా అందులోనే. తడి నేల, సిరా, చేదు అన్నీ కలిసినట్టు ఉంటుంది. కొందరి ఒంటికి ఆ పాచి పడదు. దానిలోని అట్రనాల్, క్లోరోఅట్రనాల్ అనే రెండు పదార్థాలను యూరప్ నిషేధించింది. 2021 ఆగస్టు తరువాత అవి ఉన్న సరుకు అక్కడ అమ్మకూడదు. దాంతో ఆ రెండూ తీసేసిన పాచి సారంతో, వేరే దినుసులతో కూర్పును మళ్ళీ కట్టాల్సి వచ్చింది. కట్టినవాళ్ళు నిజాయితీగా కష్టపడ్డారు, నేను వాళ్ళను తప్పుపట్టను. ఇంగువ లేకుండా పులిహోర చేయమంటే చేయి తిరిగిన వంటమనిషి బాగానే చేస్తుంది. తిన్నవాళ్ళకు మాత్రం తెలిసిపోతుంది.

'షాలిమార్' కథ మనకు దగ్గరది. అదే గెర్లాన్, 1925 ప్యారిస్ కళా ప్రదర్శన సమయంలో తెచ్చాడు. షాజహాన్, ముంతాజ్‌ల ప్రేమకథ విని మొగలుల షాలిమార్ తోట పేరు పెట్టాడని గెర్లాన్ సంస్థ చెబుతుంది. తమ ఇంటి పాత సెంటు 'జికీ'లో మామూలు వెనిలిన్ కన్నా ఎంతో ఘాటైన ఇథైల్ వెనిలిన్ పోసి చూడగా ఇది పుట్టిందట. నీ దగ్గరున్న పాతదాంట్లో పొగ, తోలు, జంతువు వంటి వెచ్చదనం కొంచెం ఎక్కువ ఉంటాయి. ఆ వెచ్చదనంలో పునుగుకు వాటా ఉంది. తిరుమలలో శుక్రవారం అభిషేకం తరువాత స్వామికి పూసే పునుగు తైలం వాసన తెలిసినవాళ్ళు ఫ్రెంచి పాత సెంట్లను ఇట్టే గుర్తుపడతారు. ఫ్రెంచివాళ్ళకు అది ఇథియోపియా పునుగుపిల్లుల నుంచి వచ్చేది. జంతువుల బాధ చూసి క్రమంగా మానేశారు. షనెల్ సంస్థ 1998లో కృత్రిమానికి మారింది. ఈ మార్పు నాకు పూర్తిగా సమ్మతం.

ఆ సీసాలను ఇండియాకు తెచ్చేటప్పుడు చేతిసంచీలో పెడితే ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదు. బిరడా ఉన్న పాత సీసాలు విమానంలో కారతాయి. చిన్న మరసీసాల్లోకి మార్చుకుని రా. పోస్టులో మాత్రం పంపకు, స్పిరిట్ ఉన్నది మంటపట్టే సరుకు కిందికి వస్తుంది.

*

ప్రశ్న: ఈ మాఘమాసంలో నా పెళ్ళి. అమ్మమ్మ దాచిన పాత సెంటు ముహూర్తానికి పూసుకోవాలని ఉంది. మెడ మీద పూసుకుంటే ఒంటికి ఏమైనా అవుతుందా? పట్టుచీర మీద చల్లుకోవచ్చా?
- గుంటూరు

జవాబు: పట్టు మీద వద్దమ్మా. గోధుమరంగు మరక పడితే ఏ డ్రైక్లీనింగూ తీయలేదు. జరీ కూడా నల్లబడుతుంది.

ఒంటి విషయం కొంచెం వివరంగా చెప్పాలి. పాత సెంట్లలోని బెర్గమాట్ నూనెలో ఎండ తగిలితే చర్మాన్ని మాడ్చే పదార్థం ఉండేది. సెంటు జారిన చోటల్లా మెడ మీద లాకెట్ ఆకారంలో గోధుమ మచ్చ పడేది. డాక్టర్లు దానికి లాకెట్ అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. ఇప్పటి సెంట్లకు ఆ పదార్థం తీసేసిన నూనె వాడతారు. అప్పట్లో విరివిగా వాడిన మస్క్ ఆంబ్రెట్ అనే కృత్రిమ కస్తూరి కూడా ఎండతో కలిసి చర్మానికి చేటు చేసేది. యూరప్‌లో 1990లలో దాన్ని నిషేధించారు. అందుకని పాత సెంటు ఎండలో, మెడ మీద, ముఖానికి దగ్గరగా వద్దు.

పెళ్ళికి వారం ముందు మోచేతి లోపలి వైపు ఒక చుక్క రాసి ఒక రోజంతా చూడండి. దురద, ఎరుపు లేకపోతే సరే. పెళ్ళి రోజున తలంట్లు, పసుపు, నలుగు అయ్యాక, చీర కట్టుకోవడానికి అరగంట ముందు దూదిపుల్లతో రెండు మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనక ఒక్కో చుక్క. సీసా బిరడాను నేరుగా ఒంటికి తాకించకండి, చర్మం మీది జిడ్డు లోపలికి పోయి మిగతాది పాడవుతుంది. రాసిన చోట రుద్దుకోవద్దు. జడలో మల్లెలు, మరువం ఉంటాయి కాబట్టి ఇంకేమీ అక్కర్లేదు. ముహూర్తం రాత్రిపూట అయితే ఇంకా మంచిది. తలంబ్రాల వేళకు పై వాసనలన్నీ పోయి అడుగుపొర బయటికి వస్తుంది. మీ అమ్మమ్మగారు పక్కనే నిలబడి ఉండేలా చూసుకోండి.

*

ప్రశ్న: మా తాత పాతబస్తీలో కొన్న హీనా అత్తరు ముప్పై ఏళ్ళుగా అలాగే ఉంది. ఫ్రెంచి సెంట్లలా ఇదీ పాడవుతుందా?
- నిజామాబాద్

జవాబు: నిజమైనదైతే పాడవదు, పండుతుంది. అసలు అత్తరుకు ఆధారం స్పిరిట్ కాదు, గంధం నూనె. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో డేగ్ అనే రాగి పాత్రలో పూలో, మూలికలో నీళ్ళతో మరగబెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా వెళ్ళి భప్కా అనే ఇంకో పాత్రలో ఉన్న గంధం నూనెలోకి దిగుతుంది. అలా రోజుల తరబడి. గంధం నూనె ఏళ్ళు గడిచేకొద్దీ గుండ్రబడుతుంది, కరుకుదనం పోతుంది.

ఈ రోజుల్లో గంధం ధర ఆకాశాన్ని అంటింది. చాలా అత్తర్లకు ఇప్పుడు లిక్విడ్ పారఫిన్ వంటి వాసనలేని నూనెలే ఆధారం. మీది ముప్పై ఏళ్ళ నాటిది కాబట్టి ఆశ ఉంది. మణికట్టు మీద అగ్గిపుల్ల కొసంత రాసి పడుకోండి. తెల్లారి లేచాక కూడా పాలవంటి మెత్తటి గంధం వాసన ఉంటే, చలికాలం కోసం దాచుకోండి. హీనా వేడి చేసే అత్తరు అని పాతబస్తీలో ఎవరినడిగినా చెబుతారు, మే నెలలో వాళ్ళు ఇచ్చేది ఖస్, అంటే వట్టివేరు అత్తరు.

*

ప్రశ్న: సీసా మీద 'మస్క్' అని ఉంది. అసలు కస్తూరి అయితే చట్టం ఒప్పుకుంటుందా?
- అనంతపురం

జవాబు: అసలు కస్తూరి కొనడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎవరైనా 'అసలు కస్తూరి' అని అమ్మజూపితే ఆ పక్కకే పోకండి. మీ సీసాలో ఉన్నది దాదాపు కచ్చితంగా కృత్రిమమే. 1888లో ఆల్బర్ట్ బావర్ అనే జర్మన్ రసాయనికుడు పేలుడు పదార్థాల మీద పనిచేస్తుంటే అనుకోకుండా కస్తూరి వాసన పుట్టింది. అప్పటి నుంచి సెంట్లలో మస్క్ అంటే ఎక్కువగా ప్రయోగశాలదే. అన్నట్టు, కొన్ని మస్కులు కొందరి ముక్కులకు అసలు అందవు. మీకు వాసన రాకపోతే ఇంట్లో ఇంకొకరికి చూపించండి.

*

ప్రశ్న: అమ్మా, నాకు డెబ్భై ఎనిమిదేళ్ళు. నా భార్య వాడిన ఈవినింగ్ ఇన్ పారిస్ సీసాలో ఏడెనిమిది చుక్కలున్నాయి. పోయిన నెల మూత తీసి వాసన చూశాను. అది ఆవిడ వాసన కాదు. ఇన్నేళ్ళూ నేను తప్పుగా గుర్తుపెట్టుకున్నానా?
- రాజమహేంద్రవరం

జవాబు: తప్పుగా గుర్తుపెట్టుకోలేదండీ. మీరు సీసా నోటి దగ్గర చూశారు. అక్కడ ఉండేది పాడైన పైపొర, స్పిరిట్. మీకు గుర్తున్నది సీసాలోని సెంటు కాదు, ఆవిడ ఒంటి మీద కొన్ని గంటలు గడిచాక మిగిలిన సెంటు. దానితో ఆవిడ వాడిన పౌడరు, తలనూనె, జడలో పూలు, ఉతికి ఆరేసిన నూలుచీర కూడా కలిసి ఉండేవి. మీరు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆ సెంటు పొద్దుటిది అయి ఉంటుంది. మీ ముక్కుకు తెలిసింది ఆ చివరి వాసనే.

ఆవిడ కట్టిన నూలుచీర ఏదైనా ఉంటే తీయండి, పట్టుది వద్దు. కొంగు లోపలి అంచున ఒక్క చుక్క. ఆవిడ వాడిన పౌడరు పేరు గుర్తుంటే, అది ఇప్పటికీ దొరుకుతుంటే, అదీ కొంచెం చల్లండి. పొద్దున స్నానం అయ్యాక చేయండి. మడతపెట్టి గది తలుపు వేసి వచ్చేయండి, మధ్యలో చూడవద్దు. దీపాలు పెట్టే వేళకు వెళ్ళి తలుపు తీయండి.

మిగిలిన చుక్కలను చిన్న గోధుమరంగు హోమియో సీసాలోకి మార్చమని మీ పిల్లల్లో ఎవరికైనా చెప్పండి. చేయి వణకని వాళ్ళయితే మంచిది. ఏడు చుక్కలంటే ఏడాదికి ఒకటి వాడినా ఏడేళ్ళు. ఆ నీలం సీసాను కడగనివ్వకండి.